గొట్టం ఒకటి, రైఫిళ్ళు నాలుగు

నాదెండ్ల
4 జనవరి 2026, ఆదివారం

పొద్దున్నే మేనల్లుడు టెక్సాస్ నుంచి ఫోను చేశాడు. వాళ్ళకింకా శనివారం రాత్రే. క్షేమసమాచారాలు రెండు ముక్కల్లో తేల్చేసి అసలు సంగతికొచ్చాడు. “మావయ్యా, ఇది నీ సబ్జెక్టు. రైఫిలుకి సప్రెసర్ కొందామనుకుంటున్నా. నా దగ్గరున్న వాటన్నిటికీ ఒక్కటే సరిపోవాలి. ఏది తీసుకోమంటావ్?”

పటాలంలో ఆర్మరర్‌గా నా చేతులమీదుగా పోయిన రైఫిళ్ళకు లెక్కలేదు. త్రీనాట్‌త్రీతో మొదలుపెట్టి, ఎస్.ఎల్.ఆర్. మీదుగా ఇన్సాస్ దాకా వచ్చాను. చప్పుడు తగ్గించే ఆ సప్రెసర్ మాత్రం చూడటమే గాని వాడింది లేదు. అది మాబోటి పటాలాలకు ఇచ్చే సరుకు కాదు, కమాండోలది. అయినా బ్యారెల్లోంచి తన్నుకొచ్చేది ఎక్కడైనా గ్యాసే గదా. “ముందు నీ దగ్గరున్నవాటి చిట్టా పంపరా, చూసి చెప్తా” అన్నాను.

వాడికి పౌరసత్వం వచ్చాకే ఈ సరదా మొదలైంది. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప అక్కడ తుపాకీ పట్టుకోకూడదు. ఇప్పుడు ఫ్రిస్కోలో ఇల్లు, ఉత్తరాన ఎక్కడో ఒక స్నేహితుడితో పొత్తులో కొంత పొలం. ఆ పొలం నిండా అడవి పందులు. 2019 నుంచి టెక్సాస్‌లో సొంత పొలంలో పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదట. మన కొండవీటి కొండల కింద మొక్కజొన్న వేసినవాళ్ళు ఈ మాట వింటే అక్కడికే వలసపోతారు.

ఇప్పుడే ఎందుకురా తొందర అంటే, పన్ను తీసేశారన్నాడు. 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ తెచ్చినప్పుడు సప్రెసర్ చేతులు మారితే 200 డాలర్లు కట్టాలన్నారు. తొంభై ఏళ్ళు దాటినా ఆ అంకె అలాగే ఉండిపోయింది. పోయిన జూలైలో చేసిన చట్టంతో ఈ జనవరి 1 నుంచి అది సున్నా అయింది. పన్ను పోయినా తతంగం పోలేదు. ఫారం 4 నింపాలి, వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి, నేరచరిత్ర విచారణ అయ్యేదాకా ఆగాలి. అంతా అయ్యాకే కొట్టువాడు సరుకు చేతికిస్తాడు.

6 జనవరి, మంగళవారం

చిట్టా వచ్చింది. ఎ.ఆర్-15 ఒకటి, 5.56, పదహారు అంగుళాల బ్యారెల్. .308 బోల్ట్ రైఫిలు, ఇరవై అంగుళాలది. 6.5 క్రీడ్‌మూర్ ఒకటి, దూరం కొట్టడానికి. కూతురు గురి నేర్చుకోవడానికి .22. ఇవి కాక పొలంలో పొత్తుదారు దగ్గర .45-70 ఉందట, లివర్ లాగి కాల్చే పాతకాలం మాదిరిది. ఆ మహానుభావుడే “.46 బోరు సప్రెసర్ తీసుకో, అన్నీ అందులో పట్టేస్తాయి” అని వీడి చెవిలో జోరీగలా చేరాడు.

పట్టేస్తాయి, నిజమే. పట్టడం వేరు, పనిచేయడం వేరు.

మధ్యాహ్నం పడుకోకుండా కాగితం మీద లెక్క వేశాను. 5.56 అంటాం గాని తూటా అసలు వ్యాసం 5.69 మిల్లీమీటర్లు. 6.5ది 6.71. .308ది 7.82. పొత్తుదారు .45-70ది 11.6. సప్రెసర్ లోపల బుల్లెట్ బండి సైలెన్సర్‌లోలాగే వరసగా అడ్డుగోడలు, గదులు ఉంటాయి. గోడగోడకీ నడిమధ్యన తూటా దూరిపోయేంత కన్నం. తూటా వెనకే వచ్చే గ్యాసు ఆ గదుల్లో చెదిరి, చల్లబడి, నిదానించి బయటికి రావాలి. కన్నం ఎంత పెద్దదైతే గదుల్లోకి మళ్ళకుండా తిన్నగా బయటికి దూసుకుపోయే గ్యాసు అంత ఎక్కువ. 5.56 తూటాతో పోలిస్తే .308 తూటా అడ్డుకోత వైశాల్యం రెట్టింపుకి కాస్త తక్కువ. .45-70ది నాలుగింతల పైమాటే. అంటే .46 బోరు గొట్టం ఎ.ఆర్.కి తగిలిస్తే దొడ్డితలుపు తీసిపెట్టి వీధితలుపుకి తాళం వేసినట్టు. ముందు మూత మార్చుకునే రకాలున్నాయి, చిన్న కన్నం మూత బిగిస్తే కొంత నయం. కాని లోపలి గోడలకున్న కన్నాలు అలాగే ఉంటాయిగా.

.30 బోరుది తీసుకుంటే .308కి సరిగ్గా సరిపోతుంది, 6.5కి దాదాపు సరిపోతుంది, 5.56కి మాత్రం రెండు మూడు డెసిబెల్స్ నష్టం. చెవికి ఆ తేడా పెద్దగా తెలియదు. నాలుగింటికీ ఒకటి కావాలన్నవాడికి నేను చెప్పేది ఇదే: అన్నిటికన్నా పెద్ద తూటాని చూసి కాదు, తరచు కాల్చేవాటిలో పెద్ద తూటాని చూసి కొనాలి. ఏడాదికోసారి పొత్తుదారు .45-70 పేలుస్తాడని మిగతా మూడు వందల అరవై రోజులూ వదులు చొక్కా ఎందుకు?

రాత్రి, మళ్ళీ

ఇంకో సంగతి రాయడం మరిచాను. బోరు ఒక్కటే చూస్తే చాలదు. బ్యారెల్ పొట్టిదైతే మందు పూర్తిగా కాలకముందే, పీడనం దిగకముందే గ్యాసు బయటపడుతుంది. ఇరవై అంగుళాల .308 కన్నా పది అంగుళాల 5.56 మూతి దగ్గర సప్రెసర్‌ని ఎక్కువ చితక్కొడుతుంది. చిన్న తూటా గదా అనుకుంటే గోడలు అరిగిపోతాయి. అందుకే తయారీదారులు ఏ క్యాలిబర్‌కి కనీసం ఎంత పొడవు బ్యారెల్ ఉండాలో విడివిడిగా రాసిస్తారు. వీడిది పదహారు అంగుళాలు కాబట్టి బెంగ లేదు. రేపు పొట్టిది కొంటానంటే మాత్రం ఆ పట్టిక చూడమనాలి.

8 జనవరి, గురువారం

రాత్రంతా కొండవైపు ఢాం ఢాం. మొక్కజొన్న కంకి పట్టింది, పందులు దిగుతున్నాయి. పి.వి.సి. గొట్టంలో కార్బైడ్ ముక్క వేసి, చెంచాడు నీళ్ళు పోసి, వెనకనుంచి గ్యాస్ లైటర్ నొక్కితే పేలుతుంది. రైతులంతా ఇవే కొంటున్నారు. పోయిన దీపావళికి భోపాల్‌లో పిల్లల కళ్ళు దెబ్బతిన్నది ఈ గొట్టాలవల్లే. పేలలేదేమని లోపలికి తొంగిచూస్తారు, అప్పుడు పేలుతుంది. పక్కచేను వాడికి రెండుసార్లు చెప్పాను, తలూపాడు.

చేను చుట్టూ పాత చీరలు కట్టినవాళ్ళున్నారు, మైకులో కుక్కల అరుపులు పెట్టినవాళ్ళున్నారు. కంచెకి కరెంటు పెట్టేవాళ్ళ సంగతి రాయకపోవడమే మంచిది, పంది బదులు మనిషి పోతున్నాడు. ఇక్కడ రైతు డబ్బు పెట్టి చప్పుడు కొనుక్కుంటున్నాడు, అక్కడ నా మేనల్లుడు డబ్బు పెట్టి చప్పుడు తగ్గించుకుంటున్నాడు. ఇద్దరి శత్రువూ పందే.

వాడికెందుకు తగ్గించాలంటే, పందులు గుంపుగా వస్తాయి. మొదటి దెబ్బకే చెల్లాచెదురైతే రెండోది దొరకదు. సప్రెసర్ ఉంటే చప్పుడు ఎటునుంచి వచ్చిందో వాటికి తెలియక ఒక్క క్షణం తటపటాయిస్తాయి. అంతే లాభం. సినిమాల్లో చూపించే ‘టుప్’ అన్న శబ్దం పెద్ద రైఫిలుకి రాదు. 5.56 తూటా సెకనుకి 900 మీటర్ల పైన పోతుంది, గాలిలో ధ్వని వేగం 340 దగ్గర. ధ్వనిని దాటిపోయే తూటా దారి పొడవునా కొరడా విదిలించినట్టు పగులుతూ పోతుంది. ఆ పగులు మూతి దగ్గర పుట్టేది కాదు, ఏ గొట్టమూ దాన్ని ఆపలేదు. ధ్వని కన్నా నెమ్మదిగా పోయే బరువు తూటాలు కాలిస్తేనే ఆ పగులు ఉండదు. .300 బ్లాకౌట్ అని ఒకటి ఆ పనికే పుట్టింది. వీడి దగ్గర లేదు, వద్దనే చెప్తాను. అది 5.56 మ్యాగజైన్లోనే పడుతుంది. చీకట్లో పొరపాటున ఎ.ఆర్. ఛాంబర్లోకి ఎక్కించారంటే రైఫిలు ముక్కలవుతుంది.

11 జనవరి, ఆదివారం

నరసరావుపేటలో చెవుల డాక్టరుకి చూపించుకొచ్చాను. గ్రాఫు చేతికిచ్చారు. గీత 2000 హెర్ట్జ్ దాకా బాగానే వచ్చి 4000 దగ్గర గోతిలో పడింది, మళ్ళీ కొంచెం లేచింది. తుపాకీ చెవి అంటే ఇదేనన్నారు డాక్టరుగారు. ఎడమ చెవిలో గొయ్యి లోతెక్కువ. కుడిచేతి వాటంగా రైఫిలు భుజానికి ఆనిస్తే తల కుడికి వాలుతుంది, కుడి చెవి తల చాటుకి పోతుంది, ఎడమ చెవి మూతివైపు తిరుగుతుంది. అందుకే ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాను.

మా రోజుల్లో రేంజిలో చెవులకి దూది. కొత్తవాళ్ళకి అదీ మగతనానికి తక్కువ అనిపించేది. రిపేరు చేసిన ఎస్.ఎల్.ఆర్.లు జీరో చేయడానికి, అంటే గురి సరిచేయడానికి, పొద్దుట నుంచి సాయంత్రం దాకా కాల్చినరోజు రాత్రి చెవుల్లో కీచురాళ్ళు కూసేవి. తెల్లారేసరికి పోయేవి. ఒకరోజు పోలేదు. ఇప్పటికీ పోలేదు. మనవరాలు ‘సుశీ’ అన్నా ‘రుషి’ అన్నా నాకు ఒక్కటే, పెదాలు చూసి పోల్చుకుంటాను.

గణపవరం స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళకీ చెవుడు వస్తుంది, కానీ దానికి ఏళ్ళు పడుతుంది. 90 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు అని హద్దు పెట్టారు వాళ్ళకి. రైఫిలు అలా కాదు. ఒక్క తూటాకి 160 దాటుతుంది, అది సెకనులో వందో వంతు కూడా ఉండదు. ఇలాంటి దెబ్బ చప్పుడుకి 140 అన్నది హద్దు. మంచి సప్రెసర్ 25, 30 తగ్గిస్తుంది. డెసిబెల్ లెక్కలో ముప్ఫై అంటే శక్తి వెయ్యో వంతుకి పడినట్టు. అంత తగ్గించినా చేరేది 130, 135 దగ్గరికే, హద్దుకి ఇవతల బెత్తెడు దూరం. కాబట్టి సప్రెసర్ ఉన్నా చెవి బిరడాలు తీయకూడదు. ఈ ముక్క వాడికి చెప్పడం కాదు, వాడి కూతురికి చెప్పాలి. వాడు వినడు, అది వాడిచేత పెట్టిస్తుంది.

మ్యాక్సిమ్‌ల సంగతి గుర్తొచ్చింది. 1884లో మెషిన్‌గన్ చేసిన హైరమ్ స్టీవెన్స్ మ్యాక్సిమ్ తన తుపాకుల మోత వినీ వినీ ముసలితనంలో బొత్తిగా చెవిటివాడయ్యాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ 1909లో తుపాకీ సైలెన్సర్‌కి పేటెంటు తీసుకున్నాడు. కార్ల ఇంజన్లకు సైలెన్సర్లు చేసిందీ ఆయనే. తండ్రి చెవుల్ని చూసే చేశాడా అంటే చెప్పలేం గాని, ఒకే ఇంట్లో మోత పుట్టించినవాడూ మోత తగ్గించినవాడూ పుట్టారు.

14 జనవరి, బుధవారం, భోగి

తెల్లవారుజామున మంట. కుర్రాళ్ళు బుల్లెట్ బండ్లకి సైలెన్సర్లు పీకేసి చిలకలూరిపేట రోడ్డు మీద రెండు చుట్లు తిరిగొచ్చారు. ఎడమ చెవి అటు పెట్టి నిలబడ్డాను, హాయిగా ఉంది.

18 జనవరి, ఆదివారం

వాడు వీడియో కాల్‌లో ఎ.ఆర్. మూతి చూపించాడు. మర చూడాలన్నాను. అసలు సగం ప్రమాదాలు అక్కడే. 5.56కి అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. .308కీ 6.5కీ అంగుళంలో అయిదు ఎనిమిదోవంతులు, 24 చుట్లు. .22కి మళ్ళీ అర అంగుళం, 28 చుట్లే. మర కలిసింది గదా అని .22 సప్రెసర్ తీసుకెళ్ళి 5.56కి బిగించే తెలివిగలవాళ్ళు ఉంటారు. అది .22 పీడనానికి చేసిన రేకు, చేతిలో చిట్లిపోతుంది. 9 మి.మీ. బ్యారెళ్ళలో కూడా కొన్నిటికి ఇదే మర. 5.56 సప్రెసర్ దానికి బిగిస్తే తూటా కన్నంలో పట్టనే పట్టదు. మరని నమ్మకు, గొట్టం మీద చెక్కిన క్యాలిబర్ చదువు అన్నాను.

సప్రెసర్ వెనక భాగం ‘హబ్’ అనే కొలతలో ఉన్నది తీసుకోమన్నాను. చాలా కంపెనీలు ఆ కొలతకి వచ్చేశాయి, కాబట్టి ఒకరి గొట్టానికి ఇంకొకరి మౌంటు పడుతుంది. రెండు మరల మౌంట్లు కొనుక్కుంటే ఒకటే గొట్టం నాలుగు రైఫిళ్ళకీ తిరుగుతుంది.

“బిగించేస్తే అయిపోయినట్టేగా మావయ్యా?”

“కాదురా అల్లుడూ. రాడ్ దూర్చి చూశాకే తూటా పెట్టాలి.”

ఇది మాత్రం దగ్గరుండి చూపించినట్టు చెప్పాను. ముందు రైఫిలు ఖాళీ అని కంటితో చూడు, వేలితో తడుము. పుల్‌త్రూ తాడు లాగి చిందీగుడ్డతో బ్యారెల్ శుభ్రం చెయ్యి. మూతి మర మీద నూనె, మసి లేకుండా తుడువు. మర చివరనున్న భుజం చుట్టూ సమంగా ఉందో లేదో గోరు పెట్టి తిప్పి చూడు. అక్కడ ఇసుకరేణువు ఉన్నా గొట్టం ఒక వెంట్రుకవాసి పక్కకి వాలుతుంది, ఆ వెంట్రుకవాసి గొట్టం చివరికొచ్చేసరికి మిల్లీమీటరవుతుంది. గొట్టం బిగించాక ఆ క్యాలిబర్‌కి సరిపడే నున్నటి ఉక్కు రాడ్ లోపలికి దూర్చి, ముందునుంచి చూడు. కన్నం మధ్యలో రాడ్, దాని చుట్టూ ఒకే వెడల్పు చీకటి వలయం కనబడాలి. ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉంటే ఆ రోజుకి కాల్పులు లేవు. తూటా లోపలి గోడని తాకితే వెయ్యి డాలర్ల సామాను తుక్కు, ఆ ముక్కలు ఎటుపోతాయో చెప్పలేం.

ఎ.ఆర్. గురించి ఇంకో మాట. గ్యాసుతో తిరిగే రైఫిలు అది. మూతి మూసేసరికి గ్యాసు వెనక్కి తన్నుతుంది, బోల్ట్ ఉండాల్సిన దానికన్నా వేగంగా వెనక్కొస్తుంది, కళ్ళల్లో పొగ కొడుతుంది. గ్యాసుని ముందుకు తోసేసే రకం గొట్టాలు హక్స్‌వర్క్స్ లాంటివాళ్ళు చేస్తున్నారు, లేకపోతే గ్యాసు తగ్గించుకునే వీలున్న గ్యాస్ బ్లాక్ పెట్టుకోవాలి. బోల్ట్ రైఫిళ్ళకి ఈ గొడవే లేదు. నా మట్టుకు నాకు సప్రెసర్ అందం .308 బోల్ట్ రైఫిలు మీదే కనిపిస్తుంది.

మూతి మీద అరకిలో దగ్గర బరువు వేలాడితే గురి మారుతుంది. పైకో కిందికో, ప్రతి రైఫిలుకీ దాని తీరు దానిది. రైఫిలుకో పేజీ పెట్టి, గొట్టంతో ఎక్కడ తగిలింది, లేకుండా ఎక్కడ తగిలింది రాసుకోమన్నాను. ఫోన్లో రాసుకుంటానన్నాడు. కాగితం మీద రాయరా అన్నాను.

20 జనవరి, మంగళవారం

.22కి వేరేది కొనమని మెసేజ్ పెట్టాను. ఆ తూటాకి రాగి తొడుగు ఉండదు, ఉన్నా పలచన. ఉత్త సీసం, మైనం, మసి. నాలుగు డబ్బాలు కాల్చేసరికి లోపల సీసం పేరుకుంటుంది. పెద్ద రైఫిలు సప్రెసర్లలో చాలా వాటికి అడ్డుగోడలు వెల్డింగు చేసి ఉంటాయి, విప్పి కడగడానికి లేదు. .22కి చిన్నది, చవకది, విప్పుకునేది ఒకటి చాలు. నాలుగు రైఫిళ్ళకి ఒకటన్నది అక్కడికి మూడుకి ఒకటైంది. సీసం వదలడానికి వెనిగర్‌లో పెరాక్సైడ్ కలిపి నానబెట్టేవాళ్ళున్నారట. వద్దంటే వద్దన్నాను. అలా చేస్తే లెడ్ అసిటేట్ తయారవుతుంది, నీళ్ళలో కరిగి ఒంట్లోకి ఎక్కే విషం. ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతుంటే ఆ గిన్నె ఎక్కడ పెడతాడు?

సాయంత్రం వాడు వేళాకోళంగా “ఒకటి నాదెండ్ల తెచ్చి నీకిస్తా, పందుల్ని కొట్టుకో” అన్నాడు. అల్లుడూ, మన ఆయుధాల చట్టం 1959లోనే చప్పుడు గాని మెరుపు గాని తగ్గించే సామాను కూడా తుపాకీ కిందే లెక్క అని రాసిపెట్టారు. గొట్టం ఒక్కటే జేబులో దొరికినా లైసెన్సు లేని తుపాకీ దొరికినట్టే. ఇక్కడ లైసెన్సు ఉన్నవాడికే 2019 సవరణతో రెండు తుపాకుల హద్దు. త్రీనాట్‌త్రీ, 7.62 నిషేధిత బోర్లు, మామూలు మనిషికి రైఫిలంటే ఎక్కువగా .315. ఎన్నికలొస్తే అదీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. 2024 మేలో పోలింగ్ అయ్యాక నరసరావుపేట, మాచర్లల్లో 144 సెక్షన్ పెట్టిన జిల్లా ఇది. ఇక్కడ తుపాకీ పేలితే నాలుగూళ్ళకి వినబడటమే క్షేమం. నార్వే, ఫిన్‌లాండ్‌లలో వేటగాడు సప్రెసర్ పెట్టుకుంటే ఇరుగుపొరుగుకి మర్యాద ఇచ్చినట్టు చూస్తారు. వాళ్ళ ఊళ్ళు వేరు, వాళ్ళ కక్షలు వేరు.

25 జనవరి, ఆదివారం

ఇవాళ పేచీ వచ్చింది. గొట్టం ఎవరి పేరున తీసుకోవాలన్నది.

వాడొక్కడి పేరున తీసుకుంటే వాడు దగ్గరుండగా ఎవరైనా కాల్చవచ్చు, వాడు ఊళ్ళో లేనప్పుడు మాత్రం వాళ్ళావిడ చేతిలో సేఫ్ తాళం ఉండటం కూడా చిక్కే. అందుకని చాలామంది ట్రస్టు పెట్టి దాని పేరున తీసుకుంటారు. ట్రస్టులో ఎవరెవరున్నారో అందరూ వేలిముద్రలు, ఫోటోలు ఇవ్వాలి, 2016 నుంచి అది తప్పనిసరి. సరే, వాళ్ళావిడ మా ఇంటి అమ్మాయే గదా, దాని పేరు వెయ్యమన్నాను. వీడు పొత్తుదారు పేరు కూడా వేస్తానంటాడు. పొలం ఇద్దరిదీ, పందులు ఇద్దరివీ అట.

పటాలంలో కోత్‌లోంచి, అంటే ఆయుధాల గదిలోంచి, ఆయుధం బయటికి పోవాలంటే ఒక చెయ్యి, ఒక సంతకం. ఇద్దరి చేతుల్లో తిరిగే ఆయుధానికి రేపు పోయిందంటే ఎవరు జవాబు చెప్తారు? పొలం తగాదా వస్తే గట్టు వేసుకుని పంచుకోవచ్చు. సీరియల్ నంబరున్న గొట్టాన్ని ఎలా పంచుతారు? పైగా ఆ పొత్తుదారు మనసింకా .46 మీదే ఉంది. .30 గొట్టం అందుబాటులో ఉంటే ఏదో ఒకరోజు అడాప్టర్ తెచ్చి .45-70కి బిగిస్తాడు.

“ఆయనకి కావాలంటే ఆయన్నే ఒకటి కొనుక్కోమను. ఇప్పుడు పన్ను కూడా లేదుగా” అన్నాను.

నవ్వాడు గాని ఒప్పుకున్నట్టు లేదు. మా అమ్మాయి వెనకనుంచి “బాబాయ్ చెప్పింది కరెక్టే” అంది. దాంతో మెత్తబడ్డాడు. వాళ్ళిద్దరి పేర్లతోనే అర్జీ. .30 బోరు, హబ్ మౌంటు, టైటానియంది తీసుకుంటాడట, తేలికని. టైటానియం బాగా కాగితే నిప్పురవ్వలు కక్కుతుంది, లోపల అరుగుతుంది. మ్యాగజైన్ తర్వాత మ్యాగజైన్ ఆగకుండా కాల్చేవాడికి ఉక్కుదే మేలు. ఎ.ఆర్. మీద అలా కాల్చనని వాడిచేత అనిపించాకే సరేనన్నాను.